కంచెను చూడని లేజరు: అల్ ఐన్ ఎడారిలో ఒక ఆదివారం

శనివారం సాయంత్రం దుబాయ్‌లో, అల్ కుసైస్‌లోని మా క్యాంపు గదిలో ప్రార్థనకు చాపలు పరుస్తుండగా మస్తాన్ ఫోన్ చేశాడు. మస్తాన్‌ది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. నాలుగేళ్ళు నా పై మంచం మీద పడుకున్నవాడు, రోడ్డు పనుల్లో నాతోపాటు సర్వే హెల్పరుగా ఎండలో నిలబడినవాడు. నమాజు తప్పేవాడు కాదు, అయినా మా ప్రార్థనకు తనే చాప పరిచి, తలుపు దగ్గర కూర్చుని వాక్యం వినేవాడు. ఏడాదిన్నర కిందట కంపెనీ మారి, అల్ ఐన్ అవతల ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు వేట మైదానంలో చేరాడు.

"అన్నా, సోమవారం నన్ను క్యాన్సిల్ చేస్తా ఉండారు. టికెట్టు గూడా తీసేసినారంట," అన్నాడు.

"ఏం చేశావురా?"

"దూరం చెప్పినానన్నా. అంతే."

దూరం చెబితే వీసా క్యాన్సిల్ చేస్తారా అని మీరూ అడుగుతారు. నేనూ అడిగాను. అతను చెప్పిన సంగతి ఇది. అక్కడ తుపాకులు లేవు, వేటంతా డేగలతోనే. హుబారా అనే పక్షిని అక్కడే పెంచి వదులుతారు, మన బట్టమేక పిట్ట జాతిదే. చలికాలంలో అతిథులు వస్తే సాలెం బాబా అనే పెద్దాయన డేగను ఎగరేస్తాడు. మైదానం చుట్టూ సన్న తీగల కంచె ఉంది. వేటలో మునిగిన డేగకు తీగ కనబడదు కాబట్టి, బండి నుంచి కంచె ఏడు వందల మీటర్లకంటే దగ్గరుంటే డేగ కళ్ళకు కట్టిన గంత విప్పకూడదని నియమం. ఆ దూరం చూసి చెప్పడమే మస్తాన్ పని. అందుకోసం రెండు నెలల కిందట వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, లేజరుతో దూరం కొలిచే వేట బైనాక్యులర్ కొని అతని మెడలో వేశాడు. గురువారం మధ్యాహ్నం మూడింటికి మస్తాన్ బండి మీద నిలబడి, కంచె వైపు చూసి, బటన్ నొక్కి, తొమ్మిది వందల ముప్పై ఆరు అని కేక వేశాడు. బాబా గంత విప్పాడు. డేగ పక్షి వెంటపడింది, పడి తిన్నగా పోయి తీగకు కొట్టుకుంది. రెక్క విరిగింది.

చూడకుండా నోటికొచ్చిన అంకె చెప్పాడని ముదీర్ ఆరోపణ. చూసే చెప్పానని మస్తాన్ ఖురాన్ మీద ఒట్టు పెట్టాడు. ఎవరూ వినలేదు. విచారణ లేదు, సాక్షి లేడు, శుక్రవారానికల్లా తీర్పు వచ్చేసింది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే ఏ మనిషినీ దోషిగా తేల్చకూడదని మోషే మూడు వేల ఏళ్ళ కిందటే చెప్పాడయ్యా! గొర్రెల కాపరులకు ఉన్న పాటి న్యాయం ఏసీ గదిలో కూర్చున్న మనిషికి లేకపోయింది. ఆ సాయంత్రం నేను అనుకున్న వాక్యం చెప్పలేకపోయాను. ప్రార్థన ముగించి, మా సైట్ ఇంజనీరుకు ఫోన్ చేసి యాభై మీటర్ల స్టీలు టేపు ఒక రోజుకు ఇమ్మని అడిగాను.

"ఆదివారం టేపెందుకు దానియేల్?"

"సాక్ష్యం చెప్పించడానికి సార్."

నవ్వి, స్టోరు తాళం ఎవరి దగ్గరుందో చెప్పాడు.

ఆదివారం మెట్రో ఎనిమిదింటికి గానీ మొదలవదు. ఈ సంగతి తెలియక తెల్లవారకముందే స్టేషన్ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఈసారి తొందరపడకుండా ఎనిమిదింటి రైలు పట్టుకుని అల్ కుసైస్ నుంచి అల్ ఘుబైబాకు ముప్పావుగంట లోపే చేరాను, నోల్ కార్డులో ఐదు దిర్హాంలు పోయాయి. అక్కడి బస్ స్టేషన్ నుంచి అల్ ఐన్‌కు నేరుగా బస్సుంది, ఇరవై ఐదు దిర్హాంలు, రెండు గంటల ప్రయాణం. కార్డులో ముందే డబ్బు వేసుకోండి, బస్సులో చిల్లర తీసుకోరు. కుడివైపు కిటికీ దొరికింది. ఊరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎర్ర ఇసుక మొదలవుతుంది. మధ్యమధ్య గాఫ్ చెట్లు కనిపిస్తాయి. పేరు వేరు కానీ అది మన జమ్మిచెట్టే. ఎన్నిసార్లు చూసినా ఆ చెట్టు కనబడితే నాకు ఊరి మనిషి ఎదురైనట్టుంటుంది.

కానీ ఆ రోజు కిటికీ నాకు ఆనందం ఇవ్వలేదు. దారి పొడవునా ఒకటే మాట గుచ్చుకుంది. రెండు నెలల కిందట మస్తాన్ ఆ బైనాక్యులర్ పెట్టె ఫొటో నాకు పంపాడు. మూడు వేల మీటర్లు అని పెట్టె మీద బంగారు అక్షరాలు. కింద అతని గొంతు: "ఇది బాగుంటాదా అన్నా? దీంట్లో ప్రిజం ఏడుండాది? ప్రిజం లేకుండా ఎట్ట కొలస్తాది?"

ఇక్కడ మా పని గురించి ఒక్క మాట చెప్పాలి. సర్వేలో యంత్రం ఒక చివర ఉంటుంది. రెండో చివర హెల్పరు ప్రిజం పట్టుకుని నిలబడతాడు. ప్రిజం అంటే కర్రకు బిగించిన గాజు దిమ్మ. యంత్రం నుంచి వెళ్ళిన లేజరు ఆ గాజుకు తగిలి తిరిగి వస్తుంది, అప్పుడు దూరం తేలుతుంది. మస్తానూ నేనూ ఏళ్ళ తరబడి ఆ కర్ర పట్టినవాళ్ళం. మా చేతిలో ప్రిజం ఉన్నంతకాలం లేజరు ఒక్కసారీ తప్పు చెప్పలేదు. అందుకే లేజరంటే మాకు అంత నమ్మకం. యంత్రం తెలియని మనిషైతే దాన్ని అనుమానించేవాడేమో, మేం అనుమానించలేదు. అయినా మస్తాన్ సరైన ప్రశ్నే అడిగాడు. నేనేం చెప్పాలి? "నాకు తెలియదురా, కనుక్కుని చెబుతాను" అనాలి. నేను చెప్పింది వేరు. "టెక్నాలజీ పెరిగిందిరా. లేజరు అబద్ధం చెప్పదు, కళ్ళు మూసుకుని నమ్ము." అంతటితో ఆగానా? ఆ వారం ప్రార్థనలో అదే ఉదాహరణగా వాక్యం చెప్పాను: దేవుని మాట లేజరులాంటిది, తిన్నగా పోతుంది, నిజంతో తిరిగి వస్తుంది! ఆమెన్‌లు గదంతా మోగాయి. బస్సులో ఆ ఆమెన్‌లు నన్ను తరిమాయి.

పదకొండింటికి అల్ ఐన్ చేరాను. బస్ స్టేషన్ పక్క కెఫెటేరియాలో పరోటా, గుడ్డు, కరక్ చాయ్ కలిపి ఆరు దిర్హాంలు. మైదానానికి బస్సు లేదు, టాక్సీ వాళ్ళు ఇసుక దారి అంటే రారు. నన్ను తీసుకెళ్ళడానికి మస్తాన్ అక్కడి నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్ పోశెట్టిని పంపాడు. జగిత్యాల మనిషి, పదహారేళ్ళుగా ఈ దేశంలోనే ఉన్నాడు. నా భుజం సంచిలో టేపు చూసి నవ్వాడు.

"ఏందే అన్నా, బాయి తవ్వుతందుకు అచ్చినవా?"

"న్యాయం తవ్వడానికి వచ్చానండి."

"అగో, గదైతే శాన లోతుకుంటది," అని గేరు మార్చాడు. కొంత దూరం పోయాక గొంతు తగ్గించి అన్నాడు: "మస్తాన్ మంచోడే. అబద్ధమాడే మనిషి గాదు. గనీ ముదీర్ ముంగట ఎవలు నోరు ఇప్పుతరు? బాబాకు మస్తు బాధైంది, ఆ డేగను బిడ్డ లెక్క పెంచిండు. మస్తాన్ బతిమాలితె ఒక గంట టైమిచ్చిండు. రెండున్నరకు అస్తా అన్నడు. గంతే."

యాభై నిమిషాలకు గేటు వచ్చింది. లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు, బాబా మాట చెప్పి పోశెట్టి నా పేరు రాయించాడు. గది గుమ్మంలో మస్తాన్ నిలబడి ఉన్నాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. వెనక మంచం మీద సర్దేసిన సూట్‌కేసు కనిపించింది.

"వచ్చినావా అన్నా," అని నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు భయం టికెట్టుకు గాదు. అంకె ఊరికే చెప్పినాడన్న మాట నా పేరు మింద ఉండిపోతాదే, దానికి."

"ఆ రోజు కంటికి కంచె ఎంత దూరం అనిపించింది?"

"దగ్గరే అనిపించిందన్నా. కానీ మిషను తొమ్మిది వందలంటా ఉంది. నువ్వు నమ్మమన్నావు గదా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఇంకా లోతుగా దిగింది. గుడ్డివాడైన ఇస్సాకు గుర్తొచ్చాడు. వేటమాంసం తెమ్మని, ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్దకొడుకు ఏశావును పంపితే చిన్నకొడుకు యాకోబు మేకతోలు చేతులకు చుట్టుకుని వచ్చాడు. గొంతు యాకోబుదని చెవి చెప్పింది, చేతులు ఏశావువని వేళ్ళు చెప్పాయి. ముసలాయన చెవిని వదిలి వేళ్ళను నమ్మాడు. వాక్యం వందసార్లు చదివాను, ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడే అది నాకు అర్థమైంది.

బాబా వచ్చేలోగా గంటన్నర టైముంది. ఆ బైనాక్యులర్ ముదీర్ ఆఫీసులో ఉంటే, పోశెట్టి బాబా పేరు చెప్పి అడిగి తెచ్చాడు. కొనాలనుకునేవాళ్ళ కోసం మేం పరీక్షించిన సంగతంతా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అద్దాల విషయంలో వంక పెట్టలేం. దూరపు ఇసుకదిబ్బ మీద కూర్చున్న పిట్ట ముక్కు కూడా తేటగా కనిపించింది. బరువు కిలో దగ్గర ఉంటుంది, పది నిమిషాలకు మెడ లాగుతుంది. ఇక దూరం కొలవడం. మైదానం చివరి తెల్లటి నీళ్ళ ట్యాంకును చూసి నొక్కగానే పదహారు వందల పైన చూపింది, మూడుసార్లూ రెండు మీటర్ల తేడాలోనే. శభాష్ అనుకున్నాను. ఏడు వందల దగ్గరున్న గాఫ్ చెట్టునూ బాగానే పట్టింది. తర్వాత వట్టి ఇసుక మీద ప్రయత్నించాం. వెయ్యి మీటర్ల దిబ్బ మూడో నొక్కుకు గానీ దొరకలేదు. పన్నెండు వందలు దాటితే అంకె బదులు రెండు గీతలు. జనవరి నెలైనా మధ్యాహ్నం ఇసుక మీద గాలి నీళ్ళలా కదులుతుంది, ఆ కదలికలో లేజరు చెదిరిపోతుంది. నీడన పడుకున్న ఒక జింకను కొలిస్తే ఒకసారి ఐదు వందల పన్నెండు, ఒకసారి ఎనిమిది వందల అరవై. జింక మాత్రం చెవి కూడా కదపలేదు. హుబారా పక్షిది ఇసుక రంగే కదా, మూడు వందల దగ్గర కూడా సగం సార్లు దొరకలేదు. చేత్తో పట్టుకుంటే ఒక తీరు, బండి టాపు మీద ఇసుక మూట పెట్టి ఆనిస్తే కొంత మెరుగు.

మరి మూడు వేలు ఎక్కడ? పెట్టె తెప్పించి చూశాను. బంగారు అక్షరాల కింద చీమతలంత నక్షత్రం గుర్తు ఉంది. దాని వివరం పెట్టె అడుగున ఉంది: బాగా మెరిసే వస్తువు మీద మాత్రమే అని. జంతువు మీదైతే అందులో మూడోవంతు. నాకు ఒళ్ళు మండింది. నీ సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు తూకపురాళ్ళు ఉంచుకోకూడదని ధర్మశాస్త్రం గట్టిగా చెబుతుంది. వీళ్ళు పెట్టె పైన పెద్ద రాయి, పెట్టె అడుగున చిన్న రాయి పెట్టి అమ్ముతున్నారు! ఇది వేట సామాను కదా, వేటగాడు ఏ జంతువుకు అద్దాలు తగిలించి కొలుస్తాడయ్యా? సంతలో కాటా వేసేవాడు ఇలా చేస్తే నలుగురూ నిలదీస్తారు. పెట్టె మెరుస్తుంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండు గీతలు వచ్చినప్పుడు నాకు యంత్రం మీద గౌరవమే కలిగింది. తెలియదని చెప్పింది కదా. తెలియనప్పుడు కూడా తెలిసినట్టు అంకె చూపించే చోటే ప్రమాదం.

రెండున్నరకు పెద్ద జీపులో సాలెం బాబా, ముదీర్ వచ్చారు. బాబా ఇక్కడి మనిషే, తెల్లగడ్డం, తోలు తొడుగు లేని ఎడమ చేతి మీద గోళ్ళ గీతలు. ముదీర్ మా వాళ్ళందరితోలాగే నాతోనూ హిందీలోనే మాట్లాడాడు.

"ఏక్ ఘంటా. ఫిర్ ఖలాస్," అన్నాడు వాచీ చూపించి. ఒక్క గంట, తర్వాత అంతా అయిపోయినట్టే అని.

బాబా నా టేపు వైపు చూశాడు. "ఇంత ముహందిస్?" ఇంజనీరువా అని.

"లా బాబా. హెల్పర్."

"అచ్ఛా హై. ఇంజనీర్ బహుత్ బాత్ కర్తా," అన్నాడు. మంచిదే, ఇంజనీర్లు మాటలెక్కువ చెబుతారని. అందరం నవ్వాం, ముదీర్ తప్ప.

గురువారం బాబా బండి ఒక గాఫ్ చెట్టు పక్కన ఆగింది. ఏ చెట్టో అందరికీ గుర్తుంది. డేగ కొట్టుకున్న కంచె స్తంభానికి పోశెట్టి ఆ రోజే ఎర్ర గుడ్డ కట్టాడు. రెండు చివరలూ తెలిసినవే కాబట్టి వాదనకు చోటు లేదు. చెట్టు దగ్గర మొదలుపెట్టి నేనూ మస్తానూ టేపు లాగాం, పోశెట్టి ప్రతి యాభైకీ ఒక మేకు పాతాడు. కొలనూలు చేతపట్టుకున్న మనిషి ఒకడు ప్రవక్తకు దర్శనంలో కనిపించాడు. మా పనివాళ్ళకు వాక్యంలో ఉన్న చోటు అది. ఎనిమిది టేపులు నిండాయి, తొమ్మిదో టేపులో పదకొండు మీటర్లకు ఎర్ర గుడ్డ వచ్చింది. నాలుగు వందల పదకొండు మీటర్లు.

వెనక్కి వచ్చి అంకె చెప్పగానే ముదీర్ చప్పట్లు కొట్టాడు. "దేఖో బాబా! నాలుగు వందల పదకొండు. వీడు చెప్పింది తొమ్మిది వందల ముప్పై ఆరు. నేను చెప్పిందే కదా? వీళ్ళ టేపుతోనే తేలిపోయింది. వీడు చూడనేలేదు."

మస్తాన్ ముఖం చూడలేకపోయాను. పోశెట్టి తెలుగులో గొణిగాడు: "ఏం జేస్తివే అన్నా, మనమే ఇరికిస్తిమి గదా!"

"ఆగండి," అన్నాను. "మోషే ఇద్దరు ముగ్గురు సాక్షులను అడిగాడు. వచ్చింది ఒక్కడే. ముదీర్ సాబ్, ఇప్పుడు మీరు చూడండి. ఆ ఎర్ర గుడ్డ పక్కన తీగలను చూసి మీ చేత్తోనే నొక్కండి. ఏం కనబడితే అది గట్టిగా చెప్పండి."

ఆయన విసుగ్గా బైనాక్యులర్ అందుకుని, కంచె వైపు తిప్పి, నొక్కాడు. నోరు తెరిచి, మూశాడు. మళ్ళీ నొక్కాడు.

"కిత్నా?" ఎంతని అడిగాడు బాబా.

బాబా ఆయన చేతిలోంచి తీసుకుని తనే చూశాడు. "తొమ్మిది వందల ముప్పై ఆరు," అన్నాడు మెల్లగా. మరోసారి నొక్కి, "ముప్పై ఎనిమిది."

పోశెట్టి ట్యాంకర్‌లో, బండి చెడినప్పుడు రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం ఉంది. అది మస్తాన్ చేతికిచ్చి కంచె దగ్గరికి పంపాను. అలవాటైన మనిషి కదా, చెప్పనక్కర లేకుండానే ప్రిజం కర్ర పట్టినట్టు రెండు కాళ్ళూ దూరం పెట్టి, త్రికోణాన్ని ఛాతీకి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. బాబా నొక్కాడు. నాలుగు వందల పదకొండు. మస్తాన్‌ను పక్కకు జరగమని చెయ్యి ఊపాను. బాబా నొక్కాడు. తొమ్మిది వందల ముప్పై ఆరు. మస్తాన్ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నాలుగు వందల పదకొండు. రెండో సాక్షి యంత్రమే. మూడో సాక్షి అవతల త్రికోణం పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు.

కారణం చెప్పాను. సన్నతీగ నుంచి లేజరు తిరిగి రాదు, కన్నాల్లోంచి దూరి వెనక దిబ్బకు కొట్టి వస్తుంది. పైగా ఈ యంత్రంలో రెండు పద్ధతులున్నాయని పెట్టె అడుగునే రాసి ఉంది. అద్దం మూలన జింక బొమ్మ ఉంటే, ముందు అడ్డొచ్చే పొదనూ గడ్డినీ వదిలేసి వెనకున్నదాన్ని కొలుస్తుంది, పొద చాటు జంతువును పట్టడానికట. జెండా బొమ్మ ఉంటే ముందున్నదాన్ని కొలుస్తుంది. ఇది కొన్నప్పటినుంచీ జింక బొమ్మ మీదే ఉంది. అంటే కంచెను చూడకుండా ఉండడమే దానికి నేర్పిన పని! జెండా బొమ్మకు మార్చి కూడా చూశాం. ఐదుసార్లలో రెండుసార్లు స్తంభం దొరికింది, మూడుసార్లు మళ్ళీ దిబ్బే. కాబట్టి ఏ బొమ్మ పెట్టినా తీగకంచె విషయంలో దీన్ని నమ్మడానికి లేదు.

"ఇదంతా వీడికెందుకు తెలియదు?" అన్నాడు ముదీర్.

"దాని పుస్తకం ఎక్కడుంది సాబ్?"

పుస్తకం ఆయన సొరుగులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. మస్తాన్ మూడుసార్లు అడిగాడట. బటన్ నొక్కడానికి పుస్తకం ఎందుకు, నొక్కు, చెప్పు, ఖలాస్ అన్నారట. చదివించని పుస్తకంలోంచి పరీక్ష పెట్టి, తప్పాడని గెంటేస్తున్నారు! నా గొంతు లేచింది. బిలాము అనే ప్రవక్త సంగతి చెప్పాను. దారిలో కత్తి పట్టుకుని నిలబడ్డ దూతను అతనెక్కిన గాడిద చూసింది, ప్రవక్త చూడలేదు, చూడకపోగా చూసినదాన్ని కర్రతో కొట్టాడు. హిందీలో నాకు వచ్చినంత వరకు చెప్పాను, సగం తెలుగే దొర్లింది. బాబా తల ఊపుతూ విన్నాడు.

"ఔర్ ఇస్‌కో కౌన్ బోలా, మెషీన్ పే భరోసా కరో?" అన్నాడు ఉన్నట్టుండి. నమ్మమని ఇతనికి ఎవరు చెప్పారని.

మస్తాన్ అప్పుడే కంచె దగ్గర్నుంచి వచ్చాడు. "అన్నా, ఊరుకో," అన్నాడు గబగబా తెలుగులో. "నీకెందుకు ఇది."

అంతసేపు ముదీర్‌ను నిలదీసింది నేనే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. "మై బోలా బాబా," అన్నాను. "ప్రిజం ఏదని ఇతను అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు. లేజరు అబద్ధం చెప్పదని చెప్పాను."

బాబా కంచె వైపు చెయ్యి చూపించాడు. తర్వాత అన్న మాట నేను అనుకోనిది. "నలభై ఏళ్ళుగా ఈ ఇసుకలో డేగలు ఎగరేస్తున్నాను, ఆ రోజు కంచె దగ్గరుందని నా కన్ను చెప్పింది, అంకె విని నేనే గంత విప్పాను, విప్పిన చెయ్యి నాది." ఇంత చెప్పి ముదీర్ వైపు తిరిగాడు. "యల్లా. టికెట్ క్యాన్సిల్ కరో. ఆద్మీ నహీ." టికెట్టును క్యాన్సిల్ చెయ్యి, మనిషిని కాదు.

ముదీర్ ఫోన్ తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడాడు. తర్వాత మస్తాన్‌తో, "జా, గాడీ ధో," అన్నాడు. పోయి బండి కడుగు. అంతే. నాలుగు రోజులు ఒక మనిషిని అబద్ధికుడని తిప్పి, చివరికి దక్కిన మాట అది. క్షమాపణ అనే మాట ఆ నోట్లో లేదు. నేను ముందుకు కదిలాను. మస్తాన్ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒదిలెయ్యన్నా. బండి కడగమన్నాడంటే పని ఉండాదనే గదా."

బకెట్టు తీసుకుని పోయాడు. కోపం నాకే మిగిలింది, ఇది రాస్తున్నప్పటికీ చల్లారలేదు. బాబా జీపు ఎక్కుతూ మస్తాన్‌ను పిలిచి, రేపు పొద్దున డేగ ఆసుపత్రికి తనతో రమ్మన్నాడు. గురువారం నుంచి ఆ డేగను చూడనివ్వలేదని మస్తాన్ లోపల ఎంత కుమిలాడో అతని ముఖం చూస్తే అప్పుడు తెలిసింది. మళ్ళీ ఎగురుతుందా అని అడిగాడు. "డాక్టర్ బోల్తా, మాలూమ్ నహీ," అన్నాడు బాబా. తెలియదని చెప్పాడట. "అందుకే ఆ డాక్టర్ దగ్గరే ఉంచాను."

ఆరున్నర బస్సుకు పోశెట్టి నన్ను అల్ ఐన్‌లో దింపాడు, డీజిలుకు డబ్బిస్తే తీసుకోలేదు. తిరుగు ప్రయాణం కూడా అదే ఖర్చు, అదే దారి. రానూపోనూ, తిండితో కలిపి డెబ్భై దిర్హాంల లోపే. తర్వాతి ప్రార్థనలో నేను వాక్యం చెప్పకముందు నిలబడి, రెండు నెలల కిందటి లేజరు ఉదాహరణ తప్పని ఒప్పుకున్నాను. ఈసారి ఆమెన్‌లు రాలేదు. అవతలి చివర ఒక మనిషి ప్రిజం పట్టుకుని నిలబడబట్టే మా లేజరు నిజం చెప్పిందని నాకిప్పుడు తెలుసు. ఆ మనిషిని తీసేసి యంత్రాన్ని మాత్రం మెచ్చుకున్నాను. పెట్టె మీద పెద్ద అంకె రాసేవాడి మీద, పుస్తకం సొరుగులో దాచేవాడి మీద నా కోపం న్యాయమైనదే. కానీ తెలియదు అనే మాట పైవాళ్ళ ముందు అనడానికి మనం ఇంతగా ఎందుకు భయపడతామో, మన దగ్గరికి వచ్చి అడిగినవాడి ముందు కూడా ఎందుకు దాస్తామో, ఆ ప్రశ్న నాకే వేసుకుంటున్నాను. మస్తాన్ నిన్న ఫొటో పంపాడు. కంచె పొడవునా ప్రతి స్తంభానికీ మెరిసే తెల్లరేకు కడుతున్నారు, పని అతనికే అప్పజెప్పారు. ఎర్ర గుడ్డ ఉన్న స్తంభానికి మొదటి రేకు.

ఇలాంటి బైనాక్యులర్ కొనేవాళ్ళకు, దాంతో పని చేసేవాళ్ళకు ఒక్కటే సలహా: మొదటి రోజే, మధ్యాహ్నం ఎండలో, టేపుతో కొలిచిన దూరంలో తెలిసిన మనిషిని బండి త్రికోణం ఇచ్చి నిలబెట్టండి, అతను ఉన్నప్పుడొకసారి, పక్కకు జరిగాక ఒకసారి నొక్కి చూడండి. రెండు అంకెలూ కలవకపోతే ఆ చోట యంత్రాన్ని పక్కన పెట్టి, నిలబడ్డ మనిషిని కేకేసి అడగండి.